సగటు చాటున దాగిన లేమి

పేదరికాన్ని గురించిన చర్చలో దేశం, రాష్ట్రం, జిల్లా లెక్కన అంకెలు చెప్పుకోవడం పరిపాటి. కాని పస్తు గాని, అప్పు గాని, పిల్లలు బడి మానడం గాని రాష్ట్ర స్థాయిలో జరిగేవి కావు. అవి ఒక వీధిలో, ఒక గూడెంలో, ఒక ఇంట్లో జరుగుతాయి. రాష్ట్రపు సగటుకూ ఆ ఇంటి స్థితికీ మధ్య ఉన్న దూరాన్ని తగ్గించడానికి నూట ముప్ఫై ఏళ్లకు పైగా సాగుతున్న ప్రయత్నాలలో పటం ముఖ్యమైన సాధనంగా నిలిచింది. ఎందరు లేమిలో ఉన్నారో పట్టిక చెబుతుంది. అవే అంకెలను పటం మీద రంగులుగా పరచినప్పుడు ఆ లేమి ఏ రోడ్డు దగ్గర ఆగిందో, ఏ వాగు దాటాక మొదలైందో, ఏ రెండు పేటలు పక్కపక్కనే ఉండి కూడా వేర్వేరు బతుకులు బతుకుతున్నాయో బయటపడుతుంది. ఇంటర్నెట్ వచ్చాక ఇటువంటి పటాలు కార్యాలయాల బీరువాలలో నుంచి బయటికి వచ్చి, ఫోను ఉన్న ఎవరైనా చూడగల స్థితికి చేరాయి. వాటితో పాటు, ఏ గణకుడూ ఇంటికి వచ్చి అడగకుండానే మనుషుల గురించి పోగుపడే సమాచారం, అంటే ఉపగ్రహాలు తీసే ఛాయాచిత్రాలు, ఫోన్ల వాడకపు రికార్డులు, కూలి చెల్లింపుల ఖాతాలు వంటివి కూడా లేమిని గుర్తించడానికి అక్కరకు వస్తున్నాయి.

ఈ పనికి తొలి గట్టి నమూనా లండన్ నగరంలో తయారైంది. లివర్‌పూల్‌కు చెందిన నౌకా వ్యాపారి చార్లెస్ బూత్ 1886లో ఆ నగర ప్రజల జీవన స్థితిగతులపై తన సొంత ఖర్చుతో సర్వే మొదలుపెట్టాడు. పిల్లలు బడికి వెళుతున్నారో లేదో చూడడానికి ఇంటింటికీ తిరిగే పాఠశాల బోర్డు ఉద్యోగుల దగ్గర ప్రతి కుటుంబం గురించీ వివరాలు ఉండేవి. బూత్ బృందం ఆ వివరాలను సేకరించి, వీధి వీధికీ ఒక రంగు కేటాయించింది. సంపన్నుల వీధులకు పసుపు, మధ్య తరగతికి ఎరుపు, సాధారణ సంపాదనతో సుఖంగా గడిచేవారికి గులాబి, పేదలకు లేత నీలం, నిత్యం కొరతతో బతికేవారికి ముదురు నీలం, అట్టడుగు వర్గానికి నలుపు వేశారు. 1889లో వెలువడిన తొలి ఫలితాల తరువాత నగరమంతటికీ విస్తరించిన ఆ లెక్క ప్రకారం లండన్ జనాభాలో 30.7 శాతం మంది పేదరికంలో ఉన్నారు. ప్రపంచంలోకెల్లా సంపన్నమైన నగరంలో ప్రతి పదిమందిలో ముగ్గురు పేదలని తేలడం ఒక ఎత్తయితే, పసుపు రంగు వీధుల వెనుక సందుల్లోనే నీలం, నలుపు రంగులు కనిపించడం మరొక ఎత్తు; పేదలు ఎక్కడో దూరంగా, నగరపు తూర్పు మూలన మాత్రమే ఉన్నారన్న నమ్మకం ఆ పటంతో చెల్లలేదు. వృద్ధులకు ప్రభుత్వమే పింఛను ఇవ్వాలని బూత్ తన లెక్కల ఆధారంగా ఏళ్ల తరబడి వాదించాడు. డెబ్బై ఏళ్లు దాటిన పేదలకు పింఛను ఇచ్చే చట్టం బ్రిటన్‌లో 1908లో వచ్చింది. ఆ పటాలనూ, పరిశోధకుల నోటు పుస్తకాలనూ లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఇప్పుడు ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో ఉంచింది.

అయితే బూత్ పటంలో ఒక లోపాన్ని కూడా గమనించాలి. నలుపు రంగు వీధులను వివరించడానికి ఆయన వాడిన మాటలు ఆదాయాన్ని గాని, తిండిని గాని చెప్పవు; అక్కడివారు దుర్మార్గులనీ, సగం నేరస్థులనీ చెబుతాయి. కొలిచేవాడి అభిప్రాయం కొలతలో కలిసిపోయి, పటం మీద రంగుగా మారి, సత్యంలా స్థిరపడింది. పటాల చరిత్రలో ఇది చివరిసారి కాదు.

అమెరికాలో 1933లో ఏర్పడిన గృహ యజమానుల రుణ సంస్థ ఆ దశాబ్దం రెండో సగంలో రెండు వందలకు పైగా నగరాలకు పటాలు తయారు చేయించింది. ఇళ్ల మీద అప్పు ఇస్తే తిరిగి వస్తుందా రాదా అన్న అంచనా కోసం పేటలను నాలుగు శ్రేణులుగా విభజించి, మేలైనవాటికి ఆకుపచ్చ, తరువాతవాటికి నీలం, క్షీణిస్తున్నవాటికి పసుపు, ప్రమాదకరమన్నవాటికి ఎరుపు పూశారు. ఇళ్ల వయసుతో పాటు ఆ పేటలో నల్లజాతివారు ఉన్నారా, వలస వచ్చినవారు ఉన్నారా అన్నది కూడా ఆ శ్రేణిని నిర్ణయించింది. ఎర్ర పేటలకు అప్పు పుట్టకపోవడానికి ఈ పటాలే కారణమా, లేక అప్పటికే ఉన్న వివక్షను ఇవి నమోదు చేశాయా అన్న దానిపై ఆర్థికవేత్తలలో వాదోపవాదాలు ఉన్నాయి. వివక్ష సంగతిలో మాత్రం సందేహం లేదు. రిచ్‌మండ్ విశ్వవిద్యాలయం 2016లో ఈ పటాలను ఇంటర్నెట్‌లో పెట్టి, నేటి నగర పటాల మీద పరచి చూసుకునే వీలు కల్పించిన తరువాత, పాత గీతలు ఇప్పటికీ ఎంత లోతుగా ఉన్నాయో కొలవడం సాధ్యమైంది. 108 నగరాలను పరిశీలించి 2020లో ప్రచురించిన ఒక అధ్యయనం, ఆనాటి ఎర్ర పేటలలో వేసవిలో నేల ఉష్ణోగ్రత మిగతా పేటల కంటే సగటున 2.6 డిగ్రీల సెల్సియస్ ఎక్కువగా ఉందని తేల్చింది. చెట్లూ పార్కులూ ఒక వైపుకు, కాంక్రీటూ పెద్ద రోడ్లూ మరో వైపుకు చేరినందువల్ల ఎనభై ఏళ్ల కిందటి రంగు నేటి మనుషుల ఒంటికి ఎండగా తగులుతోంది.

ఒకే పనిముట్టు లండన్‌లో పింఛనుకు వాదనగా, అమెరికాలో వివక్షకు ముద్రగా ఉపయోగపడిందంటే, తేడా రంగుల్లో లేదు. ఆ పటం ఎవరి కోసం గీశారు, అందులో ఉన్నవారికి దానిని చూసి ప్రశ్నించే అవకాశం ఉందా అన్న రెండు విషయాల్లోనే ఆ తేడా ఉంది. తరువాత వచ్చిన ప్రతి సాంకేతికతనూ ఈ రెండిటితో కొలిచి చూడాలి.

అదే అమెరికాలో 2018లో ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం, ఆ దేశపు జనగణన సంస్థతో కలిసి 'ఆపర్చునిటీ అట్లాస్' అనే పటాన్ని విడుదల చేసింది. 1978-83 మధ్య పుట్టిన సుమారు రెండు కోట్ల మంది పెరిగి పెద్దయ్యాక ఎంత సంపాదిస్తున్నారో పన్ను రికార్డుల ద్వారా తెలుసుకుని, వారు చిన్నప్పుడు పెరిగిన పేటకు ఆ ఫలితాన్ని ముడిపెట్టడం ఇందులోని కొత్తదనం. సాధారణంగా పటాలు ఒక చోట ఇప్పుడు ఎవరు ఉంటున్నారో చెబుతాయి; ఈ పటం ఒక చోట పెరిగిన పిల్లలు ఏమయ్యారో చెబుతుంది. లాస్ ఏంజెలిస్‌లోని వాట్స్ పేటలో ఒక భాగంలో పేద కుటుంబాల్లో పెరిగిన నల్లజాతి మగపిల్లల్లో 44 శాతం మంది 2010 ఏప్రిల్ 1 నాటికి జైల్లో ఉన్నారు. అక్కడికి నాలుగు కిలోమీటర్లు కూడా లేని కాంప్టన్‌లో ఒక భాగంలో, అంతే ఆదాయం ఉన్న కుటుంబాల్లో పెరిగిన నల్లజాతి మగపిల్లల్లో జైల్లో ఉన్నవారు 6.2 శాతమే. జాతి ఒకటే, తల్లిదండ్రుల ఆదాయం ఒకటే, మహానగర ప్రాంతం ఒకటే. ఆ ప్రాంతపు సగటు ఈ రెండు పేటలనూ కలిపి చూపితే రెండింటి గురించీ అబద్ధమే చెబుతుంది. ఆ పటం అల్మరాలో ఉండిపోలేదు కూడా: సియాటిల్ ప్రాంతంలో ప్రభుత్వ అద్దె సహాయం పొందే కుటుంబాలలో కొందరికి, పిల్లలు బాగుపడే అవకాశం ఎక్కువగా ఉందని ఈ లెక్కల్లో తేలిన పేటలలో ఇల్లు వెతుక్కోవడానికి తోడ్పడితే, అటువంటి పేటలకు మారినవారు 53 శాతం, తోడ్పాటు లేనివారిలో మారినవారు 15 శాతమే.

ఆకాశం నుంచి చూసినప్పుడు

పన్ను రికార్డులూ, నమ్మదగిన జనగణనా ఉన్న దేశాలకు ఇటువంటి పటాలు సాధ్యం. ఆఫ్రికాలోని చాలా దేశాలలో ఇంటింటి సర్వేల మధ్య ఏళ్లకేళ్లు గడిచిపోతాయి కనుక పరిశోధకులు ఉపగ్రహాల వైపు చూశారు. రాత్రివేళ భూమి మీద కనిపించే దీపాల వెలుగును బట్టి ఒక ప్రాంతపు ఆర్థిక కార్యకలాపాలను అంచనా వేయవచ్చన్నది మొదటి ఆలోచన. పట్టణానికీ పల్లెకూ మధ్య ఉన్న తేడాను ఈ పద్ధతి చక్కగా పట్టుకుంటుంది. కాని కటిక పేద ప్రాంతాలన్నీ రాత్రిపూట ఒకే తీరుగా చీకట్లో ఉంటాయి కాబట్టి, వాటిలో ఏది మరీ పేదదో దీపాలు చెప్పలేవు. 2016లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పగటిపూట తీసిన ఉపగ్రహ చిత్రాలలో ఇంటి కప్పులు, రోడ్లు, పొలాల తీరు వంటి ఆనవాళ్లను గుర్తించడం కంప్యూటర్‌కు నేర్పి, నైజీరియా, టాంజానియా, ఉగాండా, మలావీ, రువాండా దేశాలలో ఊళ్ల స్థాయిలో జీవన స్థితిని అంచనా వేశారు. ఉదాహరణలు ఎక్కువగా చూపించి, వాటిలోని పోలికలను కంప్యూటర్ తనంతట తానే పసిగట్టేలా చేసే ఈ పద్ధతిని యంత్ర అభ్యసనం అంటారు.

ఈ పద్ధతికి నిజమైన పరీక్ష కరోనా కాలంలో పశ్చిమ ఆఫ్రికాలోని టోగోలో ఎదురైంది. ఆ దేశ ప్రభుత్వం 2020 ఏప్రిల్‌లో 'నోవిస్సి' పేరుతో పేదల ఫోన్లకే నగదు పంపే పథకం ప్రారంభించింది. కాని ఎవరు పేదలో చెప్పే జాబితా ఆ దేశంలో లేదు. పథకాన్ని పల్లెలకు విస్తరించేటప్పుడు ఉపగ్రహ చిత్రాల సాయంతో అత్యంత పేదవైన 100 చిన్న పాలనా ప్రాంతాలను గుర్తించి, ఆ ప్రాంతాల్లోని వారి ఫోన్ వాడకపు తీరును బట్టి ఎవరు మరింత పేదలో యంత్ర అభ్యసనం ద్వారా అంచనా వేసి డబ్బు పంపారు. దీన్ని పరిశీలించి 2022లో ప్రచురించిన అధ్యయనం రెండు సంగతులు చెప్పింది. అర్హులు జాబితాకు ఎక్కకుండా మిగిలిపోవడం అనే తప్పు, ప్రాంతాన్ని మాత్రమే చూసి పంచే పద్ధతులతో పోల్చినప్పుడు, 4 నుంచి 21 శాతం తగ్గింది. దేశంలోని కుటుంబాలన్నిటి వివరాలూ ఉన్న సమగ్ర జాబితా గనుక ఉండి ఉంటే, దానితో పోల్చినప్పుడు అదే తప్పు 9 నుంచి 35 శాతం ఎక్కువయ్యేది. వార్తల్లో మొదటి అంకెకు దక్కిన ప్రచారం రెండోదానికి దక్కలేదు. ఇంటికి వెళ్లి అడిగి రాసుకున్న లెక్క లేని చోట ఉపగ్రహమూ ఫోనూ ఆదుకుంటాయి. ఆ లెక్క పెట్టే బాధ్యతను తప్పించుకోవడానికి అవి సాకు కాకూడదు.

ఫోను, ఇంటర్నెట్ వాడకం ఆధారంగా లేమిని అంచనా వేయడంలో ఇంకొక చిక్కు ఉంది. ఫేస్‌బుక్ అనుసంధాన వివరాలనూ ఉపగ్రహ చిత్రాలనూ కలిపి 135 అల్ప, మధ్య ఆదాయ దేశాలలో ప్రతి 2.4 కిలోమీటర్ల గడికీ సంపద స్థాయిని సూచించే పటాన్ని పరిశోధకులు 2022లో ప్రచురించారు. ఎంతో శ్రమతో చేసిన, ఉపయోగకరమైన పని అది. కాని 2019-21 మధ్య జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు 21 శాతం, పురుషులు 48.8 శాతం, తెలంగాణలో మహిళలు 26.5 శాతం, పురుషులు 57.4 శాతం. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కేంద్రంగా పేరు పొందిన కాలంలోని లెక్క ఇది. ఇంటర్నెట్‌లో పోగుపడే సమాచారం ద్వారా మాత్రమే కష్టాన్ని కొలిస్తే, కూలికి వెళ్లే స్త్రీ కష్టం ఆ కొలతలో చేరదు. ఆమె ఆన్‌లైన్‌లో ఏమీ వెతకదు, ఏమీ రాయదు, ఏదీ కొనదు. లేమి ఎక్కువైన కొద్దీ మనిషి జాడ తగ్గిపోవడం ఈ కొత్త రకం సమాచారంలో ఉన్న మౌలికమైన లోటు.

జిల్లా సగటు, ఏజెన్సీ గూడెం

భారతదేశంలో ఇప్పుడు ఎక్కువగా చర్చకు వచ్చే పేదరిక పటం, నీతి ఆయోగ్ ప్రచురించే బహుముఖ పేదరిక సూచిక. ఆదాయాన్ని మాత్రమే చూడకుండా ఆరోగ్యం, చదువు, జీవన ప్రమాణం అనే మూడు విభాగాలలో 12 అంశాలను పరిశీలించి, వాటికి ఇచ్చిన భారంలో మూడో వంతు లేదా అంతకు మించి కొరత ఉన్నవారిని పేదలుగా లెక్కిస్తారు. 2015-16, 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేల ఆధారంగా 2023లో వెలువడిన నివేదిక, ఈ అయిదేళ్లలో దేశంలో పేదల నిష్పత్తి 24.85 శాతం నుంచి 14.96 శాతానికి తగ్గిందని చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో అది 11.77 శాతం నుంచి 6.06కు, తెలంగాణలో 13.18 శాతం నుంచి 5.88కు దిగింది. వంటగ్యాసు, విద్యుత్తు, మరుగుదొడ్లు, బ్యాంకు ఖాతాలు విస్తరించడం ఇందుకు కొంత కారణం. ఈ తగ్గుదల నిజమైనదే, సంతోషించదగినదే.

కాని అదే సర్వేలలోని మరికొన్ని అంకెలను వీటి పక్కనే ఉంచి చూస్తే చిత్రం మారుతుంది. 15 నుంచి 49 ఏళ్ల మధ్య మహిళల్లో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. వయసుకు తగిన ఎత్తు పెరగని అయిదేళ్లలోపు పిల్లలు తెలంగాణలో ఆ రెండు సర్వేల మధ్య 28 శాతం నుంచి 33.1 శాతానికి పెరిగారు. పేదలు సగానికి పైగా తగ్గిన కాలంలోనే ఎదుగుదల ఆగిన పిల్లలు పెరిగారన్నమాట. ఇందులో వైరుధ్యం ఉన్నట్టు కనిపించినా, కారణం కొలత కట్టిన తీరులోనే ఉంది. రక్తహీనత ఆ 12 అంశాలలో లేనే లేదు. పోషకాహార లోపం ఉంది గాని, దాని భారం మొత్తంలో ఆరో వంతే కనుక, ఇంట్లో గ్యాసు పొయ్యి, కరెంటు, బ్యాంకు ఖాతా ఉండి, బిడ్డ మాత్రం గిడసబారిపోయిన కుటుంబం ఈ లెక్కలో పేద కుటుంబం కాకపోవచ్చు. సూచిక అబద్ధం చెప్పడం లేదు. తనను అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతోంది. ఆ ప్రశ్న ఏమిటో తెలుసుకోకుండా ఒక్క అంకెను పట్టుకుని పేదరికం అంతమైందనడం తొందరపాటు.

కొలతలోని చిక్కుకు తోడు హద్దుల చిక్కు ఉంది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్ 26 జిల్లాలుగా మారే వరకు, ఓడరేవు, ఉక్కు కర్మాగారం, పెద్ద ఆసుపత్రులు ఉన్న విశాఖపట్నం నగరమూ, పాడేరు, అరకు ఏజెన్సీ కొండల మీది గూడేలూ ఒకే జిల్లా. నగరపు ఆదాయం, అక్షరాస్యత, ప్రసవ వసతులు కొండల మీది లోటుతో కలిసి ఒక సగటుగా అచ్చయినప్పుడు, ఆ సగటు నగరానికీ వర్తించదు, గూడేనికీ వర్తించదు. పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడిన తరువాతనే అక్కడి లెక్కలు విడిగా కనిపించే అవకాశం వచ్చింది. 2018లో కేంద్రం వెనుకబడిన జిల్లాల కోసం చేపట్టిన ఆకాంక్షిత జిల్లాల కార్యక్రమంలో తెలంగాణ నుంచి ఎంపికైన కుమురం భీం ఆసిఫాబాద్, జయశంకర్ భూపాలపల్లి, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలలో మొదటిదీ, మూడోదీ పాత ఆదిలాబాద్, పాత ఖమ్మం జిల్లాల సగటులలో కలిసి ఉండేవే. ఈ చిన్న జిల్లాల వల్ల పాత లెక్కలతో పోల్చడం కష్టమవుతోందని గణాంక నిపుణులు చెప్పేది నిజమే అయినా, ఆ కష్టం భరించదగినదే.

అయితే జిల్లాను మండలంగా, మండలాన్ని గ్రామంగా విడగొట్టినా తెలుగు నేల మీద ఇంకొక గీత మిగిలే ఉంటుంది. ఊరు వేరు, వాడ వేరు. ఆరు లక్షలకు మించిన భారత గ్రామాల సమాచారాన్ని ఒకచోట చేర్చి ఉచితంగా అందిస్తున్న డెవలప్‌మెంట్ డేటా ల్యాబ్‌కు చెందిన శామ్ ఆషర్, పాల్ నొవొసాద్ తదితర పరిశోధకులు, పల్లెల్లోనూ పట్టణాల్లోనూ కలిపి సుమారు 15 లక్షల చిన్న పేటలను విడివిడిగా పరిశీలించి, దళితులూ ముస్లింలూ ఎక్కువగా ఉండే పేటలలో ఉన్నత పాఠశాలలు, వైద్య కేంద్రాలు, నీరు, మురుగు కాలువలు వంటి వసతులు తక్కువగా ఉన్నాయని చూపించారు. అంతకంటే ముఖ్యమైన సంగతి, జిల్లా స్థాయిలోనో పట్టణ స్థాయిలోనో చూస్తే ఈ తేడా దాదాపు కనిపించదు. పట్టణంలో ఏ పేటకు ఏది దక్కిందన్న దగ్గరే అది బయటపడుతుంది. ఒక గ్రామంలో నీళ్ల ట్యాంకు ఉందని పటం మీద చుక్క పెట్టినంత మాత్రాన ఆ నీరు వాడ చివరి ఇంటి దాకా వస్తోందని అర్థం కాదు. వాడలో పుట్టి పెరిగిన ఎవరికైనా ఇది పరిశోధన చెప్పనవసరం లేని విషయం. కాని నిధులు కేటాయించే చోట దీనికి అంకె కావాలి, ఆ అంకె ఇప్పుడు ఉంది.

కూలి డబ్బు ఎక్కడ ఆగింది

భారతదేశంలో ఆన్‌లైన్ సమాచారం కష్టాన్ని బయటపెట్టిన తీరుకు ఉపాధి హామీ కంటే మంచి ఉదాహరణ దొరకదు. పల్లెల్లో చాలాచోట్ల కరువు పని అని పిలుచుకునే ఈ పథకం 2005 నాటి చట్టం ఆధారంగా, 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైంది. చట్టం పారదర్శకతను తప్పనిసరి చేసినందువల్ల ప్రతి జాబ్ కార్డు, ప్రతి మస్టర్, అంటే పనికి వచ్చినవారి హాజరు పట్టీ, ప్రతి చెల్లింపు ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడగలిగేలా పెట్టారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఇంకొక అడుగు ముందుకు వేసి, ఆ రికార్డులను అచ్చుతీసి ఊళ్లకు తీసుకువెళ్లి, కూలీ కుటుంబాల నుంచే వచ్చిన యువతీ యువకులతో ఇంటింటికీ తిరిగి సరిచూయించి, గ్రామసభలో అందరి ముందూ చదివించే సామాజిక తనిఖీ పద్ధతిని స్థిరపరచింది. దానికోసం 2009లో విడిగా ఒక సొసైటీని కూడా ఏర్పాటు చేసింది. కంప్యూటర్‌లో ఉన్న పేరుకూ, చెరువు మట్టి తవ్విన మనిషికీ మధ్య తేడా వస్తే, ఆ తేడాను పట్టుకోగలిగినవారు ఆ ఊరివారే. ఆన్‌లైన్ సమాచారం దానిలో ఉన్న మనుషుల దగ్గరికే తిరిగి చేరితే ఏమి జరుగుతుందో దేశానికి చూపించినది తెలుగు పల్లె.

కూలి ఆలస్యం సంగతి ఇంకా లోతైనది. మస్టర్ ముగిసిన 15 రోజుల్లో కూలి ఇవ్వాలి, ఆలస్యమైతే పరిహారం ఇవ్వాలి అని ఆ చట్టం నిర్దేశించింది. చెల్లింపుకు రెండు దశలు ఉండేవి: కింది స్థాయి అధికారులు నిధుల బదిలీ ఉత్తర్వు తయారు చేయడం మొదటిది, కేంద్రం ఆ డబ్బును కూలీ ఖాతాలో వేయడం రెండోది. ప్రభుత్వ వెబ్‌సైట్ ఆలస్యాన్ని మొదటి దశ దాకానే లెక్కించి పరిహారం కట్టేది. రెండో దశలో వారాల తరబడి డబ్బు ఆగినా అది ఆలస్యం కిందికి వచ్చేది కాదు. స్వతంత్ర పరిశోధకులు 2016-17కు చెందిన 90 లక్షలకు పైగా చెల్లింపుల రికార్డులను అదే వెబ్‌సైట్ నుంచి తీసుకుని రెండు దశలనూ కలిపి చూసినప్పుడు, సకాలంలో ఖాతాకు చేరినవి 21 శాతమేనని తేలింది. వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. రెండో దశ ఆలస్యానికి కూడా కూలీకి పరిహారం ఇవ్వాల్సిందేనని 2018 మే నెలలో కోర్టు చెప్పింది. ప్రభుత్వం పెట్టిన సమాచారమే ప్రభుత్వపు నిర్వచనాన్ని తప్పని నిరూపించింది. సమాచారం బహిరంగంగా ఉండడం ఎందుకు అవసరమో దీనికంటే స్పష్టంగా చెప్పలేం.

2022-23లో దేశవ్యాప్తంగా 5 కోట్లకు పైగా కూలీల పేర్లు జాబ్ కార్డుల నుంచి తొలగిపోయిన సంగతి తెలిసింది కూడా ఇటువంటి బహిరంగ లెక్కల వల్లనే. తొలగింపుకు ఇచ్చిన కారణాలలో పని చేయడానికి ఇష్టం లేకపోవడం ఒకటి. ఒక మనిషి ఇష్టాయిష్టాలను ఎవరు, ఎప్పుడు అడిగి ఆ గడిలో టిక్కు పెట్టారన్నది ఊళ్లో విచారిస్తే తప్ప తేలదు.

సమాచారం ఎదురు దిశలో పనిచేసిన సందర్భమూ తెలుగు నేల మీదే ఉంది. తెలంగాణ ప్రభుత్వం వివిధ శాఖల జాబితాలను పేరు, చిరునామాల పోలికతో జతపరచే సమగ్ర వేదిక అనే కంప్యూటర్ వ్యవస్థను రూపొందించి, సంక్షేమ పథకాల అర్హతను నిర్ణయించడంలో దానిని వాడింది. ఇలా జతపరచే పద్ధతిలో ఒకే పేరున్న ఇంకెవరి కారో, ఇల్లో పేదవాడి ఖాతాలో పడే ప్రమాదం ఉంది. తనకు కారు లేదని రుజువు చేసుకోవలసిన భారం రేషన్ బియ్యంతో బతికే మనిషి మీద పడుతుంది. 2016 నుంచి రాష్ట్రంలో రద్దయిన దాదాపు 19 లక్షల రేషన్ కార్డుల విషయంలో క్షేత్ర స్థాయి పరిశీలన జరపాలని సుప్రీంకోర్టు 2022లో ఆదేశించింది. ఆ రద్దులన్నీ కంప్యూటర్ పోలికల వల్లనే జరిగాయని అనలేం. కాని కార్డు తీసేసే ముందు ఇంటికి వెళ్లి చూడకపోవడం, ఎందుకు తీసేశారో చెప్పకపోవడం అన్న రెండు తప్పులకూ కంప్యూటర్‌ను నిందించడం కుదరదు. అవి మనుషులు తీసుకున్న నిర్ణయాలు. ఉపాధి హామీలో పేదవాడు ప్రభుత్వ లెక్కను చూడగలిగాడు. ఇక్కడ ప్రభుత్వం పేదవాడి లెక్క చూసింది, అతడికి మాత్రం ఆ లెక్క కనపడలేదు.

గోప్యత అవసరం లేదని దీని అర్థం కాదు. ఏ ఇంట్లో ఎవరికి ఏ జబ్బు ఉందో, ఎవరికి ఎంత అప్పు ఉందో పటం మీద పెట్టకూడదు. అటువంటి సమాచారం వడ్డీ వ్యాపారికో, దళారికో చిక్కితే పేదలకే హాని. కాని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) నిబంధనను సవరిస్తూ, వ్యక్తిగత సమాచారాన్ని ఇవ్వకపోవడానికి అధికారులకు విశాలమైన వెసులుబాటు కల్పించింది. మస్టర్‌లో పేరు, రేషన్ జాబితాలో పేరు కూడా వ్యక్తిగతమేనని ఒక అధికారి తలచితే సామాజిక తనిఖీకి పునాదే ఉండదు. ప్రజాధనం ఎవరి పేరున ఖర్చయిందో చెప్పే జాబితాలను ఈ వెసులుబాటు పరిధి నుంచి స్పష్టంగా తప్పించాలి.

ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే పెద్ద లోటు సాంకేతికతది కాదు. దేశంలో చివరి జనగణన 2011లో జరిగింది. ఆహార భద్రతా చట్టం కింద ఎంతమందికి రేషన్ ఇవ్వాలో ఆనాటి జనాభాను బట్టే నిర్ణయించినందువల్ల, పెరిగిన జనాభాను లెక్కలోకి తీసుకుంటే అర్హులైన పది కోట్లకు పైగా జనం బయట మిగిలిపోయారని ఆర్థికవేత్తలు జాన్ డ్రెజ్, రీతికా ఖేరా 2020లోనే అంచనా వేశారు. ఏ ఉపగ్రహమూ, ఏ అల్గారిథమూ ఈ ఖాళీని పూరించలేదు. తరువాతి జనగణనను 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా, డిజిటల్ పద్ధతిలో, కులాల వివరాలతో సహా జరపనున్నట్టు కేంద్రం 2025 జూన్‌లో ప్రకటించింది. ఆ లెక్కలు త్వరగా, వ్యక్తుల పేర్లు లేకుండా, గ్రామం దగ్గరే ఆగిపోక గూడెం, తండా, వాడ స్థాయి దాకా విడివిడిగా వెలువడాలని తెలుగు రాష్ట్రాల శాసనసభ్యులూ, సర్పంచులూ, పత్రికలూ ఇప్పటినుంచే అడగాలి. పాఠకులు తమ గ్రామం గురించి ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఏమి రాసి ఉందో ఒకసారి చూసి, తప్పు ఉంటే గ్రామసభలో లేవనెత్తాలి. తమ ఊరి చివర ఉన్న గూడెం పేరు, వాడ పేరు గణకుల పుస్తకంలోకి ఎక్కిందో లేదో విచారించి, ఎక్కకపోతే ఎక్కించాలి.